తోరణం మీద ఆరో ముఖం

“కళ్ళు మూసుకుంటే మా ఆయన ముఖం గుర్తు రావడం లేదు మేస్త్రీ,” అంది ఎమట్. “నీ వైపు చూస్తూ చెబుతాను. ఫరవాలేదా?”

“నీ ఇష్టం. ముందు కనుబొమల సంగతి చెప్పు,” అన్నాడు థర్స్టన్ మంచె మీద నుంచి.

ఆ ఊరి చర్చిలో జనం నిలబడే చోటుకీ, బలిపీఠం గదికీ మధ్య పెద్ద రాతి తోరణం ఉంది. దాని పైగోడ నిండా రెండు నెలలుగా అతను తీర్పు దినాన్ని చిత్రిస్తున్నాడు. నడుమ ఇంద్రధనుస్సు మీద ప్రభువు. కుడిపక్క చేపలా నోరు తెరిచిన నరకం. ఎడమపక్క స్వర్గద్వారానికి బారుతీరిన పుణ్యాత్ములు. ఈ పనికి ఏదో ఒకటి ఇచ్చిన ప్రతి ఇంటికీ ఆ బారులో తమవాళ్ళ ముఖం ఒకటి వేయించుకునే హక్కు ఉంది. ఒకరు సున్నం ఇచ్చారు, ఒకరు మంచెకి కర్రలిచ్చారు. రంగులు కలపడానికి మీగడ తీసిన పాలు రోజూ తెచ్చిపెట్టింది ఎమట్. తొమ్మిదేళ్ళ కిందట పోయిన ఆమె భర్త హాబ్‌ది ఆరో ముఖం.

పండగ దాకా ఎవరి కంటా పడకూడదని మంచె చుట్టూ పాత దుప్పట్లు కట్టారు. వాటి వెనక్కి వచ్చేది పాలకుండతో ఎమట్ ఒక్కతే.

“ఎడమ కనుబొమ కాస్త పైకి ఉంటుంది,” అంది. “ఎవరేం చెప్పినా నమ్మనట్టు.”

“ముక్కు?”

“కొసన చిన్న వంకర. పుట్టుకతోనే వచ్చిందనుకుంటా.”

“మొగుణ్ణి ఇలాగేనా పొగడటం?”

“పొగడమన్నావా, చెప్పమన్నావా?”

థర్స్టన్ నవ్వాడు.

“నుదుటికి జాజురంగు అంటింది, తుడుచుకో,” అంది ఆమె.

అతను మోచేత్తో తుడుచుకున్నాడు.

“అటు కాదయ్యా, ఇటు. ఇంకొంచెం కిందకి. సరేలే, ఉండనీ. బాగానే ఉంది.”

అతను గోడవైపు తిరిగి బొగ్గుముక్క అందుకున్నాడు. పోయినవాడి గురించి ఈమె ఇంకా ఇంట్లో కూర్చుని ఉన్నట్టే మాట్లాడుతుంది. ‘ఉంటుంది’ అంటుందే తప్ప ‘ఉండేది’ అనదు. ఆ ఇంట్లో ఖాళీ లేదని అంతకన్నా మర్యాదగా ఎవరు చెప్పగలరు?

అతనికి నలభై రెండేళ్ళు. అందులో ఇరవై ఏళ్ళు ఊరూరా చర్చి గోడల ముందే గడిచాయి. ఊళ్ళో ప్రతివాడి ముఖమూ అతనికి కంఠతా వచ్చేసేది; తన ముఖం మాత్రం కుంచెలు కడిగే నీళ్ళలో కదులుతూ కనిపించేదే. పని కాగానే మూట కట్టుకుని వెళ్ళిపోయేవాడు. మళ్ళీ ఆ దారిన వస్తే ఎవరూ పోల్చుకునేవారు కాదు. అందులో బాధపడవలసింది ఉందని ఈ ఊరు వచ్చేదాకా అతనికి తోచలేదు. ఇక్కడ మాత్రం ఒక మాట నాలుగుసార్లు గొంతుదాకా వచ్చింది: ‘ఎమట్, నేనిక్కడే ఉండిపోనా?’ వచ్చిన ప్రతిసారీ ఆమె హాబ్ గురించి కొత్తగా ఏదో చెప్పేది. నవ్వేముందు పెదవి ఒక మూల కిందికి జారుతుందనీ, పైకి చూసేటప్పుడు నుదుట మూడు గీతలు పడతాయనీ, నడిమి గీత తెగి ఉంటుందనీ. మాట వెనక్కి పోయేది.

గీస్తున్నకొద్దీ అతనికి ఆ హాబ్ మీద అసూయ పెరిగింది. అంత అందగాడైనా కాదు. సంతలో ఎదురైతే రెండోసారి చూడరు. అలాంటి ముఖాన్ని ఒక్క గీతా వదలకుండా దాచుకున్న మనిషి కళ్ళు మాత్రం రెండోసారి చూడదగ్గవి.

మొదలుపెట్టిన నాలుగో రోజు మధ్యాహ్నానికి ఆ ముఖం పూర్తయింది. ఎమట్ నిచ్చెనెక్కి వచ్చింది. నుదుటి నుంచి గడ్డం దాకా ఒక్కో గీతా చూసుకుంది.

“ఇతనే,” అంది చివరికి. “ఈ పక్కనేగా మేం ఆడవాళ్ళం నిలబడేది? ఆదివారం తలెత్తితే చాలు, కనిపిస్తాడు.”

“అందుకే వేయించుకున్నావా?”

“మరి మనిషి వెళ్ళిపోతే ఏం మిగులుతుంది మేస్త్రీ?” అతనివైపు తిరిగింది. “నువ్వు చెప్పు. చూస్తే ఎలా అనిపిస్తున్నాడు?”

“మంచివాడిలాగే ఉన్నాడు.”

“అంతేనా?”

“అదృష్టవంతుడు.”

ఆమె ఇంకేదో వినాలని ఉన్నట్టు నిలబడింది. తర్వాత ఖాళీ కుండ చేతిలోకి తీసుకుంది.

“ఎప్పుడు ప్రయాణం?”

“ఫాదర్ ఒకసారి చూసి సరేనంటే ఇవాళే. పక్క లోయలో ఇంకో గోడ ఉంది.”

“మా దారిలో బురదగా ఉంది. చూసి నడువు,” అని దిగి వెళ్ళిపోయింది. తలుపు మూసిన చప్పుడు చాలాసేపు రాళ్ళ మధ్య తిరిగింది.

థర్స్టన్ కుంచెలు కడిగి మూట కట్టాడు. అయిదోసారి కూడా అడగలేదు. ఆ మాట మనసులో చెప్పుకుంటే నొప్పికన్నా అలసటే ఎక్కువనిపించింది. ఆమె ప్రతి ఆదివారం చూసుకునేలా ఇంకొకణ్ణి తన చేత్తోనే గోడకెక్కించాడు. ఇరవై ఏళ్ళలో ఇంత బాగా కుదిరిన ముఖం లేదు.

ఫాదర్ హామండ్ కుంటుకుంటూ వచ్చి దుప్పటి తొలగించాడు. ఆయన ఈ ఊరొచ్చి ఏడాదే అయింది.

“పిండిమర వాణ్ణి నరకంలో వేశావేమయ్యా!”

“ఊరంతా అడిగింది ఫాదర్. ఎలా కాదంటాను?”

“వాడు చూస్తే నా రొట్టెలకి పిండి రాదు. పోనీలే, పోలిక బాగా కుదిరింది.” ఆయన మెడ సారించి ఎడమవైపు బారు చూశాడు. వేలితో గాలిలో ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు. వేలు ఒకచోట ఆగింది. థర్స్టన్‌ని చూశాడు, మళ్ళీ గోడని చూశాడు. పొట్ట కదిలేలా నవ్వు మొదలైంది.

“తప్పేమైనా పడిందా ఫాదర్?” అన్నాడు థర్స్టన్, మూట భుజాన వేసుకుంటూ.

“ఆరోవాడిగా నిన్ను నువ్వే ఎందుకు వేసుకున్నావయ్యా?”