రివియేర్ వారి పుట్టుపూర్వోత్తరాలు

"పిల్లల తప్పేం లేదు. తప్పంతా ఇంటిపేరుది," అన్నాడు ఏలియా, యోహాను ఇంట్లో పెట్టిన పోహా ప్లేటు పక్కకు జరుపుతూ.

ప్లేటు ముట్టలేదంటే సంబంధం వద్దని చెప్పడానికే వచ్చాడని అర్థం.

ఏలియా కొడుకు మోషేకు సిల్తారా స్టీలు ఫ్యాక్టరీలో ఉద్యోగం. యోహాను కూతురు ప్రమీల రాయపూర్‌లో టీచరు. తెలుగు చర్చిలో కలిశారు, ఇష్టపడ్డారు. చిక్కల్లా ఒక్కటే. ఆ అబ్బాయి మోషే రివియేర్. ఈ అమ్మాయి ప్రమీల రివియేర్. మొన్న క్రిస్మస్‌కు ఇద్దర్నీ పాటకు పిలిచిన పాస్టరుగారు 'రివియేర్ అన్నాచెల్లెళ్లు' అని ప్రకటించి, చప్పట్లు కూడా కొట్టించారు.

"ఒకే ఇంటిపేరంటే ఒకే రక్తం, తమ్ముడూ. మనం కెప్టెన్ రివియేర్ సంతతి. ఫ్రాన్సు నుంచి ఓడలో వచ్చాడు, యానాంలో దిగాడు, మన ముత్తవ్వని చేసుకున్నాడు. కావాలంటే నా ముక్కు చూడు."

అందరూ చూశారు. ముక్కు పెద్దదే. ఫ్రాన్సు దాకా పోయేంత పెద్దది మాత్రం కాదు.

"నువ్వు నాకు తమ్ముడివి. నీ పిల్ల నాకు కూతురు. కూతుర్ని కోడలిగా ఎలా తెచ్చుకోను? సమాజ్ క్యా కహేగా? నలుగురూ ఏమంటారు? భిలాయిలో వేరే సంబంధం చూశాను. రేపు మాటిచ్చేస్తున్నా."

వంటింటి తలుపు వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది. అక్కడ ప్రమీల ఉంది.

రాయపూర్ శివారు మోవాలోని ఆ చిన్న ముందుగదిలో యోహాను తల వంచుకుని కూర్చున్నాడు. రైల్వే గార్డుగా జీవితమంతా జెండా ఊపిన మనిషి, ఇప్పుడు చెయ్యి కూడా ఎత్తలేకపోయాడు.

లేచింది అతని భార్య దీనమ్మ.

"అన్నయ్యగారూ, ఒక్క మాట."

"అన్నయ్యేంటమ్మా? యోహాను నా తమ్ముడైతే నేను నీకు బావని."

"నోటికి అదే వస్తోంది, ఏం చెయ్యను? వినండి. కెప్టెనూ లేడు, ఓడా లేదు."

యోహాను తలెత్తాడు. "దీనా, వద్దు."

"మీరూరుకోండి. దాని బతుకు పోతుంటే చూస్తూ కూర్చోమంటారా?" అని ఏలియా వైపు తిరిగింది. "యానాంలో ఫ్రెంచివాళ్లు అందర్నీ ఇంటిపేర్లు రాయించుకోమన్నారు. మనవాళ్ల పేర్లకి దొరకి నోరు తిరగలేదు. విసుగొచ్చి, వీధికో పేరు పెట్టి పొమ్మన్నాడు. గోదారొడ్డు వీధికి రివియేర్. వాళ్ల భాషలో ఏరు అని. పడవలవాళ్లు, దర్జీలు, గాజులమ్ముకునేవాళ్లు, ఒకరికొకరు ఏమీ కానివాళ్లందరూ ఒక్క మధ్యాహ్నం రివియేర్లైపోయారు. దొర పచ్చగొడుగు కింద కూచుని, మామిడిపండు తింటూ రాశాడంట. రసం మోచేతిదాకా కారిందంట."

ఆ మామిడిపండు మరీ ఎక్కువైందనిపించింది యోహానుకు.

ఆ వీధి ఎప్పుడూ లేదు. ఆ దొరా లేడు, ఆ గొడుగూ లేదు. ఇదంతా కట్టుకథేనని అతనికి తెలుసు. రివియేర్ అన్న పేరు అసలెలా వచ్చిందో రివియేర్లకే తెలియదు. ఏమో, కెప్టెనే నిజమేమో.

కానీ అతన్ని కోస్తున్నది కథ కాదు, చెప్తున్న మనిషి. దీనమ్మ ఆసుపత్రిలో నర్సుగా చేసింది. 'నొప్పెడుతుందా సిస్టర్?' అని పేషెంటు అడిగితే, 'పెడుతుంది' అని చెప్పి మరీ సూది పొడిచేది. అలాంటి మనిషి నోటి నుంచి ఈ మాటలు! పాపమంతా తనదేననిపించింది.

ఏలియా సూటిగా చూశాడు. "దేవుని ఎదుట అనగలవా ఈ మాట?"

దీనమ్మ బీరువా మీంచి బైబిలు తీసింది. దానిమీద అరచెయ్యి ఆనించింది. "అనగలను."

యోహాను కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన చేస్తున్నాడనుకుని ఏలియా కూడా మూసుకున్నాడు.

నిజంగా ప్రార్థనే. 'ప్రభువా, ఆ చేతిని వదిలెయ్యి. నా లెక్కలో రాసుకో.'

ఏలియా కళ్లు తెరిచి, దిగులుగా ముక్కు తడుముకున్నాడు.

"అయితే ఈ ముక్కు?"

"మీ అమ్మగారిదై ఉంటుంది."

బయట గేటు దగ్గర మోషే స్కూటరు సీటును తుడిచిందే తుడుస్తున్నాడు.

ఏలియా నిట్టూర్చాడు. ప్లేటు దగ్గరికి లాక్కున్నాడు.

"పోహా చల్లారిపోయింది, బావగారూ."

తమ్ముడు పోయి బావగారు వచ్చాడు. వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. సంతోషం చప్పుడే అది.

యోహాను కూడా నవ్వాలి. కానీ నిజం చెప్పెయ్యాలని నోరు తెరిచాడు. అంతలో ప్రమీల వేడి జిలేబీలతో వచ్చింది. దాని మొహం చూసి నోరు మూసుకున్నాడు.

ఏలియా జిలేబీ తుంచుతూ అన్నాడు. "అది సరే గానీ చెల్లెమ్మా, మా నాన్నకే తెలీని సంగతి, గొడుగు రంగుతో సహా నీకెవరు చెప్పారు?"

దీనమ్మ ఈ వయసులోనూ కాస్త సిగ్గుపడి, గడ్డంతో భర్తను చూపిస్తూ, "ఇంకెవరు, ఈయనే, రివియేర్ల ఇంట్లో పుట్టిన నన్ను ఇంకో రివియేర్‌కి ఇచ్చేది లేదని మా నాన్న మొండికేసిన రోజున, ప్రమాణం చేసి మరీ చెప్పారు," అంది.