చెరిపేయమంటారా?

మా అక్క మొగుడికి ఫోటో స్టూడియో ఉంది గానీ బుర్ర లేదు. కంప్యూటర్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవాలని, ఆ ఫైలును పాట ఎక్కించినట్టు పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి, పని చేయడం లేదని నాకు కబురు పెట్టాడు.

"కాపీ చేస్తే చాలదు బావా, పెన్‌డ్రైవ్‌ను బూటబుల్ చేయాలి, అంటే అందులో ఉన్నదంతా చెరిపేసి, కంప్యూటర్ దాన్నుంచే మొదలయ్యేలా తయారుచేయాలి. నీకు చెప్పినా ఆ గోడకు చెప్పినా ఒకటే."

"అందుకేగా నిన్ను పిలిచింది" అన్నాడు. పన్నెండేళ్ల పెళ్లి ఫోటోలున్న ఒకే ఒక్క హార్డ్ డిస్కును నా ల్యాప్‌టాప్‌కు తగిలించి, అన్నీ భద్రంగా ఉన్నాయో లేదో చూడమన్నాడు. చూశాను, ఉన్నాయి. దాని పక్కనే పెన్‌డ్రైవ్ గుచ్చి పని మొదలుపెట్టాను.

'ఇందులో ఉన్నదంతా పోతుంది, చెరిపేయమంటారా?' అని తెర మీద ప్రశ్న వచ్చింది. బావ కళ్లజోడు సవరించుకుని, కూడబలుక్కుంటూ చదవబోయాడు.

"ఇవన్నీ నీలాంటి మొద్దుల కోసం రాస్తార్లే" అని ఓకే నొక్కేశాను.

బావ కాసేపు బల్లకేసి చూశాడు.

"బామ్మర్దీ, పెన్‌డ్రైవ్ లైటు వెలగట్లేదు. నా డిస్కుదే మిణుకుమిణుకుమంటోంది. అలాగే ఉంటుందా?"