ముడత లేని కోటు

రెండో కోటు కూడా విప్పించాడు గంగాధరం.

"వీపు మీద గుడ్డ లాగుతా ఉంది. ఇంకోటి చూపించన్నా," అన్నాడు.

సూళ్లూరుపేట బజారులో రెడీమేడ్ బట్టల కొట్టు అది. యజమాని పద్మనాభయ్య విసుక్కోలేదు. మొదటి కోటు భుజాల దగ్గర జారిపోయింది. రెండోది గుండీ పెట్టగానే బిగుసుకుంది. అద్దం ముందు నిలబడ్డ కుర్రాడు మాత్రం ఏదీ బాగుందనలేదు, బాగాలేదనలేదు. పొద్దున చెన్నై బండి దిగినప్పటి నుంచీ అతని కళ్ళు ఎర్రగానే ఉన్నాయి.

"పెళ్ళికా?" అడిగాడు పద్మనాభయ్య.

కాదన్నాడు గంగాధరం. తలకు చుట్టుకున్న తుండు సర్దుకుని సంగతి చెప్పాడు. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ కుప్పం వాళ్ళది. భార్య గురవమ్మకు షుగరు ముదిరి ముందు కళ్ళు పోయాయి, ఇప్పుడు కిడ్నీలు పోయాయి. నెల్లూరులో పెద్ద డాక్టరు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. చెన్నైలో హోటల్ పని చదువుకున్న కొడుకు వినోద్, ఉద్యోగం రాగానే కోటు వేసుకుని వస్తానని తల్లికి మాటిచ్చాడు. ఇప్పుడు ఆమె తెలివి వచ్చినప్పుడల్లా అదే అడుగుతోంది. కోటేసుకున్న బిడ్డను ఒక్కసారి తడిమి చూస్తే చాలంటోంది.

పద్మనాభయ్య గొంతు తగ్గించాడు. ఒక్క పూటకే అయితే కొనడమెందుకు, బాడుగకిచ్చే కోటు ఉంది, తీసుకుపొమ్మన్నాడు.

"వద్దన్నా. దాని చేతులకి తెలిసిపోతది. కళ్ళు పోయినాక కూడా వలలో చిరుగు ఎక్కడుందో తడిమే చెప్పేది. ఇంకొకడి చెమట వాసనొచ్చినా, ఎక్కడన్నా ముడతున్నా పట్టేస్తది."

పద్మనాభయ్య పై అరలోంచి ముదురు నీలం కోటు తీశాడు. కుర్రాడికి తొడిగి, గుండీ పెట్టి, చొక్కా చేతి అంచు కోటు కింద నుంచి కొంచెం కనిపించేలా సర్దాడు. వెనక్కి జరిగి చూశాడు.

"భుజం కుదిరితే మిగతాది నేను కుట్టి సరిచేస్తా. అది కుదరకపోతే ఎవరూ ఏం చెయ్యలేరు. ఇది అతికినట్టుంది చూడు."

రెండు భుజాల మీదా అరచేతులు ఆనించి నవ్వాడు.

"మీ కుప్పం పిల్లోళ్ళకి ఇంత బాగా కుదరదే. పడవ తొయ్యడానికి గడ వేసి వేసి కుడి భుజం దిగిపోయి ఉంటది. ఆ పక్క లోపల మందం పెట్టి కుట్టాల్సొస్తది. మీవోడికి ఆ బాధ లేదు. రెండూ సమానం."

గంగాధరం వినిపించుకోలేదు. అద్దంలో ఆ నీలం కోటునే చూస్తున్నాడు. కాసేపటికి తుండు లాగి ముఖం తుడుచుకున్నాడు. నున్నటి గుండు బయటపడింది.

"కొండకి పోయొచ్చినారా?"

"ఊఁ," అని తుండు మళ్ళీ చుట్టుకున్నాడు.

కోటు విప్పనివ్వలేదు. అలాగే ఆటో ఎక్కించాడు. ఊరు దాటాక సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి, తలకు బాగా రాసుకోమన్నాడు. ఆ వాసన లేకపోతే ఆమె అడుగుతుందన్నాడు. చేతి గడియారం కూడా తీసి జేబులో పెట్టుకోమన్నాడు.

కుర్రాడు అన్నీ చెప్పినట్టే చేశాడు. ఉప్పునేలల మీద నుంచి ఎండుచేపల వాసన మొదలయ్యాక, ఆ రోజు మొదటిసారి నోరు విప్పాడు.

"నాకు భయంగా ఉంది."

"నువ్వేం మాట్లాడబాక. నోరు తెరిస్తే ఏడుస్తావు. జలుబు చేసి గొంతు పోయిందని నేను చెప్తా. కాసేపు పక్కన కూర్చో, అంతే."

కుప్పంలో ఆటో ఆగగానే వలలు బాగుచేస్తున్న వాళ్ళు మాటలాపేశారు. ఎదురింటి దుర్గ ఆ కోటు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

గురవమ్మ నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కాళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"గురవా, వినోద్ వచ్చినాడు. కోటేసుకుని వచ్చినాడు," అన్నాడు గంగాధరం. గొంతు సంగతి కూడా గబగబా చెప్పేశాడు.

ఆమె లేవబోయింది. గంగాధరం వీపు వెనక దిండు పెట్టి కూర్చోబెట్టాడు. చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో నవ్వు వచ్చింది.

"వినోదూ, దొరవైపోయినావే. తొమ్మిదో తరగతి నుంచీ మీ నాయనతో గడ వేసినోడివి, కోటేసినావా?"

కుర్రాడు మంచం అంచున కూర్చుని తల వంచాడు. ఆమె ముందు జుట్టు వాసన చూసింది. తర్వాత చేతులు మెల్లగా కిందకు దిగాయి. కాలరు, గుండీలు, జేబు మూతలు. ఒక్కొక్కటే తడిమి, గుడ్డ మెత్తగా ఉందని మురిసింది. ముంజేతుల నుంచి పైకి పాకి, ఆ రెండు చేతులూ భుజాల మీద ఆగాయి.

ఎడమ భుజం తడిమింది. కుడి భుజం తడిమింది. మళ్ళీ ఎడమకు వచ్చింది. మళ్ళీ కుడికి పోయి అక్కడే ఉండిపోయింది.

"ఎక్కడా ఒక్క ముడత లేదు," అంది.

"లేదు గురవా. ఏరి ఏరి తెచ్చినా."

ఆమె రెండో చెయ్యి చాపి భర్త కోసం వెతికింది. భుజం దొరికింది, మెడ దొరికింది. తలమీది తుండు పట్టుకుని లాగేసింది. అరచేయి ఆ గుండు మీద ఆనింది. గంగాధరం కదల్లేదు. బయట ఎవరిదో మోటారు పడవ దూరంగా పోతున్న చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

గురవమ్మ కుర్రాడివైపు తిరిగి, ఆ భుజాన్ని రెండుసార్లు మెత్తగా తట్టింది.

"నీ పేరేంది నాయనా?"