ఎదురెదురు గదులు

"అదిగో, వచ్చేశాడు మన లోలకం తాత" అంది టికెట్లు చించే అమ్మాయి.

పురుగుల మ్యూజియంలో ఆ పేరు పెట్టింది అటెండరమ్మే.

ఆయన రోజూ పదింటికల్లా వచ్చేవాడు. ఎడమగదిలో గులాబీ, పసుపు రెక్కల చిమ్మెట ముందు కాసేపు, కుడిగదిలో తోమిన రాగిలా మెరిసే పెంకుపురుగు ముందు కాసేపు. గడియారం లోలకంలా మధ్యాహ్నం దాకా అటూ ఇటూ తిరిగేవాడు.

"ఏంటి తాతగారూ, రెండిట్లో ఏది అందమో ఇంకా తేల్లేదా?" అని ఓ రోజు అడిగింది అటెండరమ్మ.

"పెంకుపురుగు మెరుపు పెంకులోనే ఉందమ్మా. ఎన్నేళ్లయినా పోదు. చిమ్మెట రంగంతా రెక్కల మీది పొడే. వేలు తగిలితే రాలిపోతుంది, వెలుతురుకి వెలిసిపోతుంది."

"అయితే పెంకుపురుగే నయం."

"దానికేం, రాయిలా ఉంటుంది. నా బెంగంతా ఈ చిమ్మెట మీదే."

"ఇంక ఆ బెంగ అక్కర్లేదులెండి. బాగా వెలిసిపోయిందని రేపు గోడ మీంచి దాని అద్దాల పెట్టె తీసేస్తున్నారు."

ఆయన ముఖం పాలిపోయింది.

"ఒక్క గంట, తల్లీ. రెండు పెట్టెలూ పక్కపక్కన పెడతావా? చూసుకుని వెళ్లిపోతాను."

"ఈ గదిది ఆ గదికి మారిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. అయినా పురుగుల కోసం ఇంత ఇదైపోతే ఎలాగండీ?"



మర్నాడు ఖాళీ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. కుడిగదిలోకి తొంగి కూడా చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు.

వారం తిరిగేసరికి, పదయితే చాలు, అటెండరమ్మ చూపు గుమ్మం వైపే పోయేది. టికెట్ల అమ్మాయి కూడా నవ్వడం మానేసింది.

నెల తర్వాత ఒకావిడ వచ్చింది.

"రోజూ ఇక్కడికొచ్చే పెద్దాయన మా బాబాయి. మొన్న ఆదివారం పోయారు. ఆయన చూసుకునే ఆ రెంటినీ ఓసారి చూసి వెళదామని..."

అటెండరమ్మ ఉద్యోగం సంగతి మరిచి స్టోరుగదికి పరుగెత్తింది. చిమ్మెట పెట్టె తెచ్చి, పెంకుపురుగు పెట్టె పక్కనే బల్ల మీద ఆనించి పెట్టింది.

"ఇవంటే ఎందుకండీ ఆయనకంత ప్రాణం?"

ఆవిడ అద్దాల మీద రెండు చేతులూ ఉంచి, మెల్లగా అంది.

"బాబాయీ, పిన్నీ ఇద్దరూ పురుగుల కోసం అడవులు పట్టుకుని తిరిగినవాళ్లేనండీ. చిమ్మెటని కనిపెట్టి మా పిన్ని పేరు పెట్టింది బాబాయి. పెంకుపురుగుని కనిపెట్టి, దానికి బాబాయి పేరు పెట్టిన ఏడాదే కన్నుమూసింది పిన్ని."