మహిమ తొలి క్యాసెట్

నా మనవరాలు మహిమ గొంతులో గడ్డ తీస్తే మాట పోతుందని, తీయకపోతే మనిషే పోతుందని డాక్టరు తేల్చేశాడు. ఆపరేషన్ ముందురోజు తాను రాసుకున్న పాటలన్నీ ఖమ్మం స్టూడియోలో పాడింది. అదే ఆమె తొలి క్యాసెట్, ఆఖరుది కూడా.

మొదటి పాట “నానమ్మా...” అనే పిలుపుతో ఎత్తుకుంది.

“ఏందే, రాసెటందుకు నేనే దొరికిన్నా? ముసల్దాని మీద పాటైతే క్యాసెట్ ఎవరు కొంటరు? ఆ పిలుపు తీసెయ్,” అన్నాను.

“తియ్య. మొదట్లనే ఉండాలె, జల్దీ దొరకాలె,” అంది బొంగురు గొంతుతో.

ఏం దొరకాలో, ఎంత చదువుకున్నా నాకు బోధపడలేదు.

ఆపరేషనయి మా ఊరు ములకలపల్లి వచ్చాం. వంటింట్లో ఉండగా “నానమ్మా...” అని వినబడింది. గరిటె వదిలేసి పరుగెత్తాను.

మంచం మీద మహిమ, టేప్‌రికార్డర్లో క్యాసెట్ మళ్లీ మొదటికి తిప్పుతూ, ఖాళీ గ్లాసు చూపిస్తోంది.