అద్దం మీది వేలిముద్రలు

"ఇదేమన్నా ఫోనా, వేలితో పొడిస్తే తెరుచుకునేకి!" కంప్యూటర్ తెర మీద వేలు పెట్టిన రైతు కుళ్లాయప్ప చేతిని నెట్ సెంటర్ హరినాథ్ ఫట్టున కొట్టాడు.

కుళ్లాయప్ప అతని కాలర్ పట్టి గోడకేసి గుద్దాడు. హరినాథ్ పెదవి చిట్లి నెత్తురు కారింది.

"పొద్దున్నుంచి కూచోబెట్టినావు. సెనక్కాయ పంట ఇన్సూరెన్సుకు ఈ పొద్దే ఆఖరు. నిన్న బాగుండినదాన్ని ఏం చేసినావురా?"

"నేనేం చేయలేదన్నా! అప్‌డేట్ అని అదే మారిపోయిండాది. అంతా ఫోన్లో మాదిరి బొమ్మల బిళ్లలు, ఇన్సూరెన్సు ఫారం యాడుండాదో తెలీలేదు..."

మళ్లీ లేచిన పిడికిలి గాల్లోనే ఆగింది. తెర మీద తన ఎర్రమన్ను వేలిముద్ర ఒక్కటే ఉంది. దాని చుట్టూ లెక్కలేనన్ని జిడ్డు ముద్రలు.

"నువ్వూ పొడిచినావా?"

హరినాథ్ తల దించుకున్నాడు. "పొద్దున్నుంచీ అదే పని."

కుళ్లాయప్ప కాలర్ వదిలి, తలగుడ్డ విప్పి అతని చేతిలో పెట్టాడు.

"తుడుచుకో. ఇంకా గంట ఉండాది, ఇద్దరం ఎతుకుదాం."