హోమ్ థియేటర్‌లో దడదడ

"మనిషి సముద్రంలో కొట్టుకుపోతా ఉంటే తలుపేసుకొని పాటలు వింటా ఉండారా మీరు? ఎంతసేపు కొట్టాల?"

మాలకొండమ్మ గుప్పిళ్లు కందిపోయాయి. ఇంజను చెడి ఆమె మొగుడి పడవ మైపాడు ఒడ్డుకు దూరంగా కొట్టుకుపోతోంది. అంత దూరం పోగల పెద్ద బోటు ఊళ్లో పోలేరయ్య ఒక్కడికే ఉంది.

ఆ పోలేరయ్య కొత్త హోమ్ థియేటర్ గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. వెనకాల నెల్లూరు నుంచి స్పీకర్లు బిగించడానికి వచ్చిన బెన్హర్.

"కొట్టింది నువ్వా అక్కా?" అన్నాడు బెన్హర్. "దడదడమంటే ఈ పెద్ద స్పీకరు, వూఫర్, అదురుతా ఉండాదనుకొని విప్పి బిగిస్తా ఉండాం. కింద రబ్బరు కూడా ఏసినాం."

"నా అరుపులు?"

"గోడలకంతా దూది పట్టించినాం గదక్కా. అరిస్తే లోపలికి రాదు."

పోలేరయ్య మొహం వెలిగింది.

"అయితే వూఫర్ బాగానే ఉండాదన్నమాట. ఇందాకట్నించి పానం తీసింది. ఇంకోసారి పెట్టు బెన్హర్, విందాం."

బెన్హర్ కదల్లేదు.

దండం పెట్టి అడగాలని వచ్చిన మాలకొండమ్మ, జోడించబోయిన చేతులు దించేసింది. ఆ నవ్వు మొహం మీద ఉమ్మేయాలనిపించింది. ఉమ్మితే ఆ కాస్త టైమూ పోతుంది.

"బోటు తాళం ఇటియ్యి. నువ్వు రానక్కర్లా, మావోళ్లు తోలుకుంటారు. ముందు తాళం తియ్యి."